ఆవేళ లైబ్రరీ మూసి లేదు

ప్రతి ఆదివారం సాయంత్రం నాలుగయ్యేసరికి మా వరండాలో రెండు చాపలు పడతాయి. ఏడెనిమిదిమంది కాలేజీ పిల్లలు వస్తారు. ఇంజనీరింగు చదివేవాళ్ళు కొందరు, డిగ్రీ చదివేవాళ్ళు కొందరు, నర్సింగు చదివే అమ్మాయి ఒకతె. ఇది ట్యూషను కాదు. ఉద్యోగం చాలించుకున్నాక నాకు పొద్దుపోక మొదలెట్టిన వ్యవహారం. అందరం కలిసి నెలకొక నవల చదవడం, కూచుని దాన్నిగురించి మాట్లాడుకోవడం, అంతే. పిల్లలు పుస్తకాలకోసం వస్తున్నారో, మా ఆవిడ వేసే పకోడీలకోసం వస్తున్నారో నేనెప్పుడూ ఆరా తీయలేదు. కొన్ని సంగతులు ఆరా తీయకపోవడమే మర్యాద.

ఈ యేడు నేను ఎంచిన పుస్తకాలన్నిటికీ ఒక పోలిక వున్నది. అన్నిటిలోనూ ఒక పిల్లవాడో పిల్లో చదువుకోసమో బతుకుతెరువుకోసమో పుట్టిన అంతస్తులోంచి మరో అంతస్తులోకి అడుగుపెట్టడమే కథ. పెద్దవాళ్ళు కావడమంటే వయసు రావడమొక్కటే కాదు గదా! ఇంటినుంచి ఎంత దూరం వచ్చామో తెలియడం కూడాను. ఆ దూరాన్ని ఈ కాలపు పిల్లలు ఎలా కొలుస్తారో చూద్దామని నా సరదా. తీరాచూస్తే, చివరికి వాళ్ళు నన్నే కొలిచారు. ఆ ముచ్చటే ఈ వారం మీకు చెబుతాను.

మొదట మొక్కపాటి నరసింహశాస్త్రిగారి 'బారిష్టరు పార్వతీశం' తీసుకున్నాం. మొదటి భాగం 1924లో వచ్చింది. మొగల్తూరునుంచి బారిష్టరు చదువుకి సీమకు బయల్దేరిన ఆ మహానుభావుడు, ఆడవాళ్ళు పెట్టుకునే టోపీ కొనుక్కుని దర్జాగా నెత్తిన పెట్టుకున్న ఘట్టం దగ్గర మా వరండా కప్పు ఎగిరిపోయింది. నవ్వీ నవ్వీ ఒక కుర్రవాడికి పొలమారితే మా ఆవిడ మంచినీళ్ళు తెచ్చి ఇవ్వవలసి వచ్చింది.

నవ్వులు సద్దుమణిగాక నర్సింగు చదివే అమ్మాయి ఒక మాట అడిగింది. "మాస్టారూ, పార్వతీశానికి సిగ్గెందుకు వెయ్యదు?"

మంచి ప్రశ్న. నేను జవాబు వెతుక్కునేలోగానే డిగ్రీ కుర్రవాడు, మా అందరిలోకీ తక్కువ మాట్లాడేవాడు, తలెత్తి అన్నాడు: "ఊళ్ళో ఆయనకి ఇల్లుంది, పరువుంది. టోపీ తప్పయితే పోయేది టోపీయే గదండీ. ఇంకేం పోదు."

ఈ కుర్రవాణ్ణిగురించి కాస్త చెప్పాలి. వాళ్ళది పలాస దగ్గర పల్లె. మా విశాఖపట్నంలో హాస్టల్లో వుండి చదువుకుంటున్నాడు. మా వరండాలో వుండగా జేబులో ఫోను మోగిందంటే, తెర మీద పేరు చూసి, లేచి గేటు అవతలికి పోయి, గొంతు తగ్గించి మాట్లాడి వస్తాడు. పెళ్ళికావలసిన పిల్లాడు, ఏవో కబుర్లు వుంటాయిలెమ్మని నేను చాలాకాలం నవ్వుకున్నాను కూడా.

రెండో పుస్తకం చార్లెస్ డికెన్సుది, 'గ్రేట్ ఎక్స్‌పెక్టేషన్స్'. ఇది ఇంగ్లండులో 1860 డిసెంబరునుంచి 1861 ఆగస్టు దాకా ఒక వారపత్రికలో ధారావాహికంగా వచ్చింది. ఆ పత్రికను నడిపేది డికెన్సే. వచ్చే వారంకోసం ఎదురుచూడడమంటే ఏమిటో మీకు నేను చెప్పాలా?

పిప్ అనే అనాథ పిల్లవాణ్ణి అక్క సాకుతూ వుంటుంది. బావ జో కమ్మరి. చదువురాదు గాని వెన్నలాంటి మనసు. ఒకనాడు పిప్ ఒక గొప్పింటికి ఆడుకోవడానికి వెళ్తాడు. అక్కడ ఎస్టెల్లా అనే గర్విష్ఠి పిల్ల వీడితో పేకాడుతూ వెక్కిరిస్తుంది. పేకలో గొప్పవాళ్ళు ఒక పేరుతో పిలిచే ముక్కను వీడు 'జాకీ' అన్నాడట! పైగా చేతులు మొరటువట, బూట్లు దళసరివట. "మేమూ జాకీ అనే అంటాం గదా మాస్టారూ!" అని మా పిల్లలు నవ్వారు. గాని పిప్ నవ్వడు. అంతకుముందు ఎన్నడూ తన చేతులకేసి చూసుకోనివాడు ఆ రోజు చూసుకుంటాడు. ఇంటికి పోయి, తన్ను ఇంత మొరటుగా పెంచినందుకు జో మీద లోలోపల కినుక పడతాడు.

తరవాత, ఎవరో పేరు చెప్పని దాత డబ్బు ఇచ్చి పిప్‌ను లండనులో పెద్దమనిషిగా తయారుచేయిస్తాడు. అక్కడికి ఒకనాడు పొద్దున్నే జో చూడ్డానికి వస్తాడు. మంచి బట్టలు వేసుకొని వస్తాడు. అవి అతనికి నప్పవు. చేతిలో టోపీ ఎక్కడ పెట్టాలో తెలియక గోడపొయ్యి పైన చెక్క అంచున పెడతాడు. అది జారి పడుతుంది. పట్టుకుంటాడు. మళ్ళీ పెడతాడు. మళ్ళీ పడుతుంది. తన చేతులతో పెంచిన పిల్లవాణ్ణి ఒకసారి పేరు పెట్టీ, ఒకసారి 'అయ్యా' అనీ పిలుస్తాడు. డబ్బిచ్చయినాసరే అతని రాకను తప్పించుకోగలిగితే బాగుండునని పిప్ అంతకుముందే అనుకొని వున్నాడు. జోకి అది అర్థమవుతుంది. భోజనానికి ఆగకుండా, నిష్ఠూరమాడకుండా వెళ్ళిపోతాడు. పిప్ తేరుకొని వీధిలోకి పరుగెత్తేసరికి మనిషి కనపడడు.

చూశారా, ఇక్కడా ఒక టోపీయే. పార్వతీశం టోపీకి కప్పు ఎగిరేలా నవ్విన పిల్లలు జో టోపీకి ఒక్కరూ నవ్వలేదు.

నవ్వలేదు గాని, తీర్పు మాత్రం వెంటనే వచ్చింది. ఇంజనీరింగు చదివే ఒక అమ్మాయి, తండ్రి పెద్ద ఉద్యోగి, పుస్తకం టక్కున మూసి, "ఛీ! ఏం మనిషండీ వీడు!" అన్నది. ఆమె పక్కనున్న ఇద్దరూ అవునన్నారు. కృతఘ్నుడన్నారు. ఊరు వెళ్ళినప్పుడు పిప్ జో ఇంట దిగకుండా పూటకూళ్ళ హోటల్లో దిగుతాడు. ఆ తప్పు కప్పిపుచ్చుకోవడానికి లండను వచ్చాక జోకి ఒక చేపనూ, పీపాడు ఆల్చిప్పలనూ పంపిస్తాడు. అక్కడ ఆ అమ్మాయికి కోపం పట్టలేకపోయింది. "మనిషి వెళ్ళడు గాని చేప వెళ్తుందా?" అన్నది.

"ఇప్పుడు చేప అక్కర్లేదు లెద్దూ, ఫోనులో డబ్బు పంపిస్తే సరి" అని ఎవరో అన్నారు. అందరూ నవ్వారు. పలాస కుర్రవాడు నవ్వలేదు. చాప అంచున వూడిన ఈనె ఒకటి పీకుతూ కూచున్నాడు.

"ఏమోయ్, నువ్వేమంటావు?" అన్నాను.

"పిప్‌ని తిట్టినవాళ్ళందరికంటె పిప్పే ఎక్కువ తిట్టుకున్నాడు గదండీ. కథ చెబుతున్నది వాడే గదా" అన్నాడు. ఒక్క క్షణం ఆగి, "చేతుల సంగతి తెలియనివాళ్ళు చేతులగురించి మాట్లాడకూడదండీ" అన్నాడు. అంతే, మళ్ళీ నోరు విప్పలేదు.

ఆ రెండో మాట నాకు చాలాసేపటిగ్గాని అందలేదు. పలాస అంటే జీడిపప్పు. పొలాల్లోనూ తోటల్లోనూ కాసిన జీడిపిక్కలు కాల్చో వుడికించో, పైపెంకు కొట్టి, పొర వలిచి పప్పు తీయడం అక్కడ వేలాదిమంది ఆడవాళ్ళకు జీవనం. ఆ పెంకులో వుండే జీడి చర్మాన్ని కాలుస్తుంది, వేళ్ళను నల్లబరుస్తుంది. సబ్బుకి పోదు. తెల్లని పప్పు మన పాయసంలో తేలుతుంది. నలుపు ఆ చేతులకు మిగులుతుంది. ఈ పిల్లవాడి తల్లి ఆ పని చేస్తుందని తరవాత మాటల్లో తెలిసింది.

అప్పుడు వాళ్ళకు డికెన్సుగురించి ఒక సంగతి చెప్పాను. 1824లో, పన్నెండేళ్ళ వయసున, అతన్ని బూటుపాలిషు తయారుచేసే కార్ఖానాలో పెట్టారు. పాలిషు జాడీల మీద చీటీలు అంటించే పని. తండ్రి అప్పు తీర్చలేక జైల్లో వున్నాడు. ఆ కార్ఖానా సంగతి డికెన్సు తన ప్రాణస్నేహితుడు ఫార్‌స్టరుకు తప్ప దాదాపు ఎవరికీ చెప్పలేదు. కన్నపిల్లలకే చెప్పలేదు. 1870లో ఆయన పోయాక ఫార్‌స్టరు జీవితచరిత్ర రాస్తేగాని లోకానికి తెలియలేదు. పేదపిల్లలకోసం అన్ని పుస్తకాలు రాసిన మనిషి, తానూ అలాంటి పిల్లవాణ్ణేనని బాహాటంగా చెప్పుకోలేకపోయాడు. పిప్ సిగ్గు ఎక్కడిదో ఇప్పుడు వేరే చెప్పాలా?

ఈ మాటతో కోపంగా వున్న అమ్మాయి కొంచెం మెత్తబడింది గాని పూర్తిగా లొంగలేదు. లొంగమని నేను కోరనూ లేదు. ఆమె అన్నదీ నిజమే. జో బాధ ఎవరో ఒకరు పడాలి గదా.

తరవాత ఒక వారం పుస్తకానికి బదులు సినిమా చూశాం. సత్యజిత్ రాయ్ 1956లో తీసిన 'అపరాజితో'. మరుసటి యేడు వెనిస్ చిత్రోత్సవంలో పెద్ద బహుమతి వచ్చిందీ దీనికే. మూలం విభూతిభూషణ్ బందోపాధ్యాయ నవల. పల్లెలో ఒంటరి తల్లి, కలకత్తాలో చదువుకునే కొడుకు అపూ. సెలవులకు వచ్చినవాడు తిరుగు ప్రయాణంలో స్టేషనుదాకా పోయి, రైలెక్కకుండా ఇంటికి వచ్చి, రైలు తప్పిపోయిందంటాడు. తల్లికి ఇంకొక్క రోజు దక్కుతుంది. మా ఆవిడ వంటింటి గుమ్మంలో నిలబడి చూస్తూ కళ్ళు తుడుచుకున్నది.

గాని నవలలో ఇంకో సంగతి వున్నది. తల్లి పోయిందన్న కబురు విన్న క్షణాన అపూ మనసులో మొదట పుట్టినది దుఃఖం కాదు. ఏదో కట్టు విడిపోయినట్టు ఒక తేలికదనం. దుఃఖం ఆ వెనక వస్తుంది. ఈ మాట నేను చెప్పగానే వరండాలో అందరూ ఒక్కసారి మాట్లాడారు. "అలా ఎలా రాస్తారండీ?" అని ఒకరు. "రాయకపోతే అబద్ధమవుతుంది" అని ఇంకొకరు. ఒక కుర్రవాడయితే, "ఆ పేజీ మా అమ్మకి చూపించకండి మాస్టారూ" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు గాని, ఆ నవ్వు సగంలో ఆగింది.

ఆ పైన 'అంపశయ్య'. నవీన్‌గారు రాయగా 1969లో వచ్చిన నవల. ఈ ఒక్క పుస్తకం పేరే ఆయనకు ఇంటిపేరయిపోయింది. పల్లెనుంచి వచ్చి ఉస్మానియా హాస్టల్లో వుంటూ యమ్.ఏ. చదివే రవి నిద్రలేచింది మొదలు రాత్రిదాకా, ఒక్కరోజు మనసులో అనుకున్నదంతా కథ. చేతిలో డబ్బు లేదు. వున్నవాళ్ళ మధ్య తిరగాలి. "ఒక్కరోజు కథకి ఇన్ని పేజీలెందుకు?" అని పెద్దింటి కుర్రవాడొకడు విసుక్కుంటే, మన పలాసవాడు, "డబ్బు లేనివాడికి రోజు అంత పొడుగే వుంటుంది" అన్నాడు. విసుక్కున్నవాడు మళ్ళీ ఆ పుస్తకం పట్టికెళ్ళి, రెండోసారి చదివి తెచ్చాడు. ఏమీ అనలేదు. తెచ్చి ఇచ్చాడంతే.

ఆడపిల్లలు మాత్రం డాక్టర్ పి. శ్రీదేవిగారి 'కాలాతీత వ్యక్తులు' దగ్గరగాని కదలలేదు. 'తెలుగు స్వతంత్ర'లో 1957-58 ప్రాంతాన ధారావాహికంగా వచ్చిన నవల. 1963లో 'చదువుకున్న అమ్మాయిలు' సినిమాకు మూలం. ఆమె ఆ సినిమా చూడలేదు. 1961లోనే పోయారు. కథ మా విశాఖపట్నంలోదే. నిమ్మళస్తురాలయిన కళ్యాణిని మెచ్చుకుంటారనుకున్నాను. నర్సింగు అమ్మాయి ఇందిర పక్షం పట్టింది. ఉద్యోగం చేసి, బాధ్యతలేని తండ్రిని పోషించే ఇందిర. "పిప్, అపూ, రవీ తీరిగ్గా సిగ్గుపడ్డారు మాస్టారూ. ఇందిరకి అంత తీరికేదీ? మగపిల్లాడు ఇల్లు వదిలితే ఎదిగాడంటారు. ఆడపిల్ల ఇల్లు మోస్తుంటే ఎదిగిందని ఎవరంటారు?" అన్నది. ఈ అమ్మాయి నెలనెలా తనకొచ్చే కొద్దిపాటి స్టైపెండులోంచి ఇంటికి పంపుతుందని నాకు తెలుసు. అంచేత నేనేమీ అనలేదు.

ఇలా నాలుగయిదు నెలలు గడిచాయి. నాకొకటి అర్థమయింది. పుస్తకంలోని మనిషిని పిల్లలు ఎక్కడ నిలబడి చూస్తున్నారో, ఆ చోటునుంచే తీర్పు చెబుతున్నారు. గుమ్మం లోపల పుట్టినవాళ్ళకు పిప్ కృతఘ్నుడు. గుమ్మం బయటినుంచి వచ్చినవాళ్ళకు పిప్‌గురించి నోరు పెగలదు. మొదటివాళ్ళది మంచితనమే గాని దానికి ఖర్చు లేదు. రెండోవాళ్ళ మౌనానికి చాలా ఖర్చున్నది. మరి నేనెక్కడ నిలబడ్డాను? ఇన్నాళ్ళూ అందరిచేతా మాట్లాడిస్తూ, న్యాయాధిపతిలా కుర్చీలో కూచున్నాను. ఇది న్యాయం కాదనిపించింది. కిందటి నెల ఒక ఆదివారం, పకోడీలు రాకముందే చెప్పేశాను.

మా నాన్న పల్లెలో కుట్టుపని చేసేవాడు. ఒక మిషను, ఒక బల్ల. చదువు రాదు, కొలతల అంకెలు మాత్రం వచ్చు. నేను కాలేజీలో చేరేటప్పుడు రెండు చొక్కాలూ రెండు పంట్లాములూ కుట్టి ఇచ్చాడు. పట్నం వచ్చిన వారానికే అవి పల్లెటూరి కుట్టని నాకు తెలిసిపోయింది. మూడు నెలలు పొద్దుటి టిఫిను మానేసి, ఆ డబ్బుతో పేరున్న దర్జీ దగ్గర ఒక పంట్లాము కుట్టించుకున్నాను.

ఒకరోజు చెప్పాపెట్టకుండా నాన్న హాస్టలుకు వచ్చాడు. చేతిసంచీలో జంతికల డబ్బా, ఒక కొత్త చొక్కా. నేను ఆ పంట్లామే వేసుకొని వున్నాను. ఆయన కళ్ళు ముందు నా మొహం మీద ఆగలేదు, పంట్లాము మీద ఆగాయి. వంగి, కాలి మడత రెండు వేళ్ళతో పట్టుకొని చూశాడు. "కుట్టు బాగుంది. ఎంత తీసుకున్నాడు?" అన్నాడు. నేను సగం ధర చెప్పాను.

తరవాత, "నువ్వు వుత్తరంలో రాశావే, లైబ్రరీ, పైకప్పుదాకా పుస్తకాలని. అది ఒకసారి చూపించరా" అన్నాడు. నా వుత్తరాలు పోస్టుమాను చదివి వినిపించేవాడు. లైబ్రరీ మెట్లమీద నా స్నేహితులు నలుగురు కూచుని వున్నారు. కిటికీలోంచి కనిపిస్తున్నారు. "ఇవాళ మూసేశారు నాన్నా" అన్నాను. "అయ్యో, సెలవా" అన్నాడు. వెనక సందులోంచి బస్సుస్టాండుకు తీసుకుపోయి ఎక్కించాను.

ఆవేళ లైబ్రరీ మూసి లేదు.

ఆ తరవాత ఆయన పద్దెనిమిదేళ్ళు బతికాడు. బట్టలు కుట్టించుకోవడానికి వచ్చినవాళ్ళందరికీ చెప్పేవాడు: "మావాడి కాలేజీలో పెద్ద లైబ్రరీ వుంది. నేను వెళ్ళిన రోజు మూసేశారు గాని, లేకపోతే చూద్దును."

నేను ఆపాక కాసేపు ఎవరూ మాట్లాడలేదు. పిప్‌ను ఛీ అన్న అమ్మాయి మెల్లిగా, "తరవాతయినా ఆయనకి చెప్పలేదా మాస్టారూ?" అన్నది. లేదమ్మా అన్నాను. ఆమె ఇంకేమీ అనలేదు. కళ్ళు మాత్రం నామీదనుంచి తిప్పుకోలేదు. ఆమె అలా చూడడం నాకు కష్టంగానే వున్నది గాని, అబద్ధం కాని చూపు అది.

పలాస కుర్రవాడు వేరే ప్రశ్న వేశాడు. "ఆ కొత్త చొక్కా తొడుక్కున్నారాండీ?"

"ఊరు వెళ్ళినప్పుడల్లా తొడుక్కునేవాణ్ణి. కాలేజీలో ఎప్పుడూ తొడుక్కోలేదు."

"అదే చేప" అన్నాడు వాడు. అవునన్నాను.

ఇది చదివే తల్లిదండ్రులకు ఒక్క మాట. మీ పిల్లలు పైచదువులకు వెళ్ళి, మీరు వస్తామంటే "ఇప్పుడెందుకులే" అంటున్నారనుకోండి. మనసు కష్టపెట్టుకోండి, తప్పులేదు. గాని అది వాళ్ళ ఆఖరిమాట అనుకోకండి. కథలో పిప్ జబ్బుపడితే జో వచ్చి పసిపిల్లాడికి చేసినట్టు చాకిరీ చేసి, అప్పు తీర్చి, పిప్ నిద్రలేవకముందే వెళ్ళిపోతాడు. పిప్ ఈసారి వెనకాలే ఊరు వెళ్ళి క్షమించమని అడుగుతాడు. పిల్లలకూ ఒక్క మాట. సిగ్గు కలగడం మీ చేతుల్లో లేదు. వెనకాలే వెళ్ళడం మీ చేతుల్లో వున్నది. అయితే జో బతికివుండగానే వెళ్ళాలి. నాకు ఆ సంగతి ఆలస్యంగా తెలిసింది.

మొన్న ఆదివారం యథాప్రకారం చాపలు పడ్డాయి. పలాస కుర్రవాడి ఫోను మోగింది. తెర చూసుకున్నాడు. లేస్తాడనుకొని పక్కవాడు కాళ్ళు ముడుచుకొని దారిచ్చాడు. వాడు లేవలేదు.

"ఆఁ, అమ్మా... తినీసేను. నువ్వు తిన్నావేటి?... మాస్టారింటికాడున్నాను. పుస్తకం చదవతన్నాం." అవతల ఏదో అడిగింది కాబోలు, వాడు ఫోను చేత్తో మూసి, నాకేసి చూసి నవ్వాడు. "ఏ పుస్తకమని అడుగుతోందండీ. కథ చెప్పమంటోంది."

"చెప్పవోయ్" అన్నాను.

"ఒక కమ్మరాయన కతమ్మా" అని మొదలెట్టాడు. మా ఆవిడ పకోడీల పళ్ళెం పట్టుకొని గుమ్మంలో నిలబడిపోయింది. జో టోపీ జారిపడే చోటుకు వచ్చేసరికి, ఫోనులోంచి వాళ్ళమ్మ నవ్వు మా అందరికీ వినిపించింది.